తీరప్రాంత కర్మాగారాలలో పాత సి.ఎన్.సి. మెషినింగ్ సెంటర్ స్థానే కొత్త యంత్రం ఎంపిక – పరిశీలించవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

నెల్లూరు: లోహపు భాగాలను మైక్రాన్ల మేరకు ఖచ్చితంగా తయారుచేసే సి.ఎన్.సి. మెషినింగ్ సెంటర్ చిన్న, మధ్య తరహా ఇంజనీరింగ్ పరిశ్రమకు ప్రాణప్రదమైన యంత్రం. అనేక యూనిట్లలో ఇటువంటి యంత్రం ఒక్కటే ఉంటుంది. అది పాతబడి తరచుగా ఆగిపోవడం మొదలైనపుడు, దాని స్థానంలో ఏ యంత్రాన్ని తెచ్చుకోవాలన్న నిర్ణయంపైనే ఆ యూనిట్ చేతిలోని సరఫరా ఆర్డర్లు, బ్యాంకు ఋణ వాయిదాలు, కార్మికుల ఉపాధి ఆధారపడి ఉంటాయి. ఒకసారి కొన్న యంత్రంతో పది, పదిహేను సంవత్సరాలు పనిచేయవలసి ఉంటుంది గనుక పొరపాటుకు మూల్యం కూడా అంతకాలం చెల్లించవలసి వస్తుంది. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా, దానిని ఆనుకొని ఉన్న తీర ప్రాంతాలలో ఈ నిర్ణయం తీసుకునేటపుడు పరిశీలించవలసిన సాంకేతిక, ఆర్థిక అంశాలను పాత్రికేయుల, అధికారుల సమాచార నిమిత్తం ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

ప్రాంతీయ నేపథ్యం

నెల్లూరు తీరానికి ఖచ్చితమైన యంత్రభాగాల అవసరం కొత్తది కాదు. శ్రీహరికోట నుండి 1971 అక్టోబరు 9న రోహిణి-125 సౌండింగ్ రాకెట్‌ను ప్రయోగించడంతో ఈ తీరం దేశ అంతరిక్ష కార్యక్రమంలో భాగమైంది. 2002లో ఈ కేంద్రానికి ఆచార్య సతీష్ ధావన్ పేరు పెట్టడం జరిగింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో శ్రీహరికోట, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో చేరినప్పటికీ తీరప్రాంత పారిశ్రామిక జీవనంలో అవి విడదీయరాని భాగాలే. కృష్ణపట్నం ఓడరేవు, ముత్తుకూరు మండలం నేలటూరులోని శ్రీ దామోదరం సంజీవయ్య తాప విద్యుత్ కేంద్రం, తడ సమీపంలోని శ్రీసిటీ కర్మాగారాలు, ధాన్యపు మిల్లులు, వంటనూనెల శుద్ధి కర్మాగారాలు, రొయ్యల మేత తయారీ కేంద్రాలు – ఇవన్నీ పంపు షాఫ్టులు, గేర్‌బాక్స్ కవర్లు, బేరింగ్ హౌసింగ్‌లు, అచ్చులు వంటి భాగాలు నిత్యం అవసరమయ్యే సంస్థలు.

ఉమ్మడి రాష్ట్రంలో యంత్ర పరికరాల పరిశ్రమకు దీర్ఘ చరిత్ర ఉన్నది. సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ 1943లో ఏర్పడింది. హైదరాబాదు బాలానగర్‌లో కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ 1968లో నెలకొని, టూల్ డిజైన్‌లోను, సి.ఎన్.సి. యంత్రాలపైను శిక్షణ ఇస్తున్నది. జాతీయ స్థాయిలో హెచ్.ఎం.టి. 1953లోను, బెంగుళూరులోని కేంద్రీయ ఉత్పాదక సాంకేతిక సంస్థ 1962లోను స్థాపితమైనాయి.

యంత్రం స్వరూపం

అంకెల రూపంలోని ఆదేశాలతో యంత్ర పరికరాన్ని నడిపించే విధానాన్ని అమెరికాలో జాన్ పార్సన్స్ చేసిన ఆలోచన ఆధారంగా మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ 1952లో ప్రదర్శించింది. అటుపై మిల్లింగ్, డ్రిల్లింగ్, బోరింగ్, మర కోయడం వంటి పనులన్నిటిని ఒకే యంత్రం పనిముట్లను తానే మార్చుకుంటూ చేయగలిగే స్థితి వచ్చింది. దీనినే మెషినింగ్ సెంటర్ అంటున్నారు. స్పిండిల్ నిలువుగా ఉన్నదానిని వర్టికల్ మెషినింగ్ సెంటర్‌గాను, అడ్డంగా ఉన్నదానిని హారిజాంటల్ మెషినింగ్ సెంటర్‌గాను వ్యవహరిస్తారు. మూడు అక్షాలకు తోడు తిరిగే బల్ల లేదా వంగే తల ఉన్నవి నాలుగు, ఐదు అక్షాల యంత్రాలు.

మరమ్మతా, నవీకరణా, మార్పిడా?

పాత యంత్రాన్ని తీసివేయాలన్న నిర్ణయానికి ముందు దాని స్థితిని కొలతలతో తేల్చుకోవడం అవసరం. గత రెండు సంవత్సరాలలో యంత్రం ఎన్ని గంటలు ఆగిపోయినది, అందులో మరమ్మతుకు పట్టిన కాలమెంత, విడిభాగం కోసం ఎదురుచూసిన కాలమెంత అన్నది రిజిస్టరు నుండి వేరుచేసి చూడాలి. బాల్‌బార్ పరికరంతో చేసే వృత్తాకార పరీక్షలో అక్షాల మధ్య లంబకోణ దోషం, దిశ మారినపుడు కనిపించే వెనుకంజ, సర్వో వ్యత్యాసం విడివిడిగా బయటపడతాయి.

ఈ పరీక్షల ఫలితాన్ని బట్టి మూడు మార్గాలు ఉన్నాయి. యంత్రపు పోత ఇనుప దేహం, గైడ్‌వేలు బాగుండి స్పిండిల్ బేరింగులో, బాల్ స్క్రూలో మాత్రమే అరిగినట్లయితే మరమ్మతు సరిపోతుంది. దేహం బాగుండి కంట్రోలర్, డ్రైవ్‌లు పాతబడి విడిభాగాలు దొరకనట్లయితే కొత్త కంట్రోలర్‌ను అమర్చే నవీకరణ, అనగా రెట్రోఫిట్, లాభదాయకం కావచ్చును. పెద్ద, బరువైన యంత్రాల విషయంలో ఇది మరింత వర్తిస్తుంది. గైడ్‌వేలే అరిగిపోయినపుడు, లేదా ఇప్పటి ఆర్డర్లు పాత యంత్రపు వేగానికి, పరిమాణానికి మించినపుడు మార్పిడి తప్పనిసరి. అరిగిన దేహంపై కొత్త కంట్రోలర్ అమర్చినందువలన యంత్రం ఖచ్చితత్వం తిరిగి రాదు.

పని నుండి యంత్రానికి

అమ్మకందారు ఇచ్చే కరపత్రం నుండి కాక, తయారుచేయవలసిన భాగాల జాబితా నుండి ఎంపిక మొదలుకావాలి. ఆదాయంలో అధిక వాటా తెచ్చే పది లేక పదిహేను భాగాలను ఎంచుకొని ఒక్కొక్కదాని పరిమాణం, బరువు, లోహం, అతి కఠినమైన టాలరెన్స్, నెలకు కావలసిన సంఖ్య, ఎన్ని వైపుల నుండి కోత పెట్టవలసి ఉన్నది అనే వివరాలను పట్టికగా వ్రాయాలి. నాలుగు వైపుల పని ఉన్న పెట్టె ఆకారపు భాగాలు ఎక్కువైతే రెండు ప్యాలెట్ల హారిజాంటల్ యంత్రం ప్రయోజనకరం. ఒక ప్యాలెట్‌పై కోత సాగుతుండగా రెండవ దానిపై ఆపరేటర్ తరువాతి జాబ్‌ను బిగించవచ్చును. పలకల వంటి భాగాలు, అచ్చులు ఎక్కువైతే వర్టికల్ యంత్రం తక్కువ పెట్టుబడితో సరిపోతుంది.

స్పిండిల్ శక్తి విషయంలో పొరబడడానికి అవకాశం ఎక్కువ. ఉదాహరణకు 11 కిలోవాట్ల స్పిండిల్ తన పూర్తి శక్తిని నిమిషానికి 1,500 చుట్ల వద్ద అందుకుంటుందనుకుంటే, దాని టార్క్ సుమారు 70 న్యూటన్ మీటర్లు. 100 మిల్లీమీటర్ల ఫేస్ మిల్ కట్టర్‌తో ఉక్కును నిమిషానికి 150 మీటర్ల వేగంతో కోయాలంటే స్పిండిల్ సుమారు 477 చుట్లు తిరగాలి. ఆ వేగం వద్ద అదే 70 న్యూటన్ మీటర్ల టార్క్‌తో లభించే శక్తి 3.5 కిలోవాట్లు మాత్రమే. అందుచేత పెట్టెపై వ్రాసిన గరిష్ఠ శక్తిని కాక, వేగానికి, టార్క్‌కు గల సంబంధాన్ని చూపే రేఖాచిత్రాన్ని కోరి పరిశీలించాలి. స్టెయిన్‌లెస్ స్టీలు, టైటానియం, గట్టి మిశ్రమ ఉక్కులను తక్కువ వేగంతో కోయవలసి ఉంటుంది గనుక తక్కువ చుట్ల వద్ద అధిక టార్క్ ఇచ్చే గేర్ స్పిండిల్, 50 పరిమాణపు టేపర్, దృఢమైన బాక్స్ గైడ్‌వేలు వాటికి అనుకూలం. అల్యూమినియం, చిన్న పనిముట్లతో చేసే సున్నిత పనికి 40 పరిమాణపు టేపర్, లీనియర్ గైడ్‌వేలు, 12,000 లేదా అంతకు మించిన చుట్ల వేగం అనుకూలం. రెండు రకాల పనులకూ ఒకే యంత్రం సమానంగా సరిపోవడం అరుదు.

పాత యంత్రపు టేపర్, కంట్రోలర్ రకం కూడా లెక్కలోకి తీసుకోదగినవి. టేపర్ మారితే ఇప్పటికే ఉన్న టూల్ హోల్డర్లన్నిటిని కొత్తగా కొనవలసి వస్తుంది. కంట్రోలర్ మారితే ప్రోగ్రాములను సరిదిద్దడం, ఆపరేటర్లకు తిరిగి శిక్షణ ఇవ్వడం అవసరమవుతాయి.

తీరప్రాంతపు ప్రత్యేక సమస్యలు

సముద్రతీరంలో యంత్రానికి ఎదురయ్యే ఇబ్బందులు లోతట్టు ప్రాంతాలకంటే భిన్నమైనవి. వాటిని ఆర్డరులోనే నిర్దేశించడం మేలు.

ఉష్ణోగ్రత: కొలతలకు అంతర్జాతీయ ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. ఉక్కు ప్రతి డిగ్రీకి, ప్రతి మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. అల్యూమినియం దానికి దాదాపు రెట్టింపు. 600 మిల్లీమీటర్ల ఉక్కు భాగానికి, యంత్రపు కొలమానానికి మధ్య 5 డిగ్రీల తేడా ఉన్నట్లయితే పొడవులో సుమారు 35 మైక్రాన్ల దోషం ఏర్పడుతుంది. ప్లస్ లేదా మైనస్ 20 మైక్రాన్ల టాలరెన్స్ ఉన్న భాగం ఇంతటితోనే తిరస్కరణకు గురవుతుంది. నెల్లూరు వేసవిలో రేకుల షెడ్డులో ఉదయపు షిఫ్టుకు, మధ్యాహ్నపు షిఫ్టుకు మధ్య తేడా వచ్చుటకు ఇదియే ప్రధాన కారణం. స్పిండిల్‌కు చిల్లర్, బాల్ స్క్రూ వేడిని తప్పించుకొని స్థానాన్ని నేరుగా కొలిచే లీనియర్ స్కేళ్లు, పైకప్పుకు ఉష్ణ నిరోధక పొర – వీటిపై పెట్టే ఖర్చు అత్యంత ఖరీదైన యంత్రంపై పెట్టే అదనపు ఖర్చుకంటే ఎక్కువ ఫలితాన్ని ఇవ్వవచ్చును.

ఉప్పుగాలి, తేమ: విద్యుత్ ప్యానెల్‌లోకి బయటి గాలిని పీల్చే పంకాలకు బదులు మూసివేసిన ప్యానెల్, దానికి ప్రత్యేక ఎయిర్ కండిషనర్ ఉండాలి. కంప్రెసర్ గాలిలోని నీటిని తొలగించే డ్రయ్యర్ లేనియెడల ఆ నీరు స్పిండిల్ బేరింగుల వరకు చేరుతుంది.

నీరు: తీరప్రాంత బోరుబావుల నీటిలో క్లోరైడ్లు ఎక్కువగా ఉండే అవకాశమున్నది. ఆ నీటితో కలిపిన కూలెంట్ తుప్పును ఆపడానికి బదులు తుప్పుకు కారణమవుతుంది. నీరు ఆవిరై, తరిగిన మేరకు మళ్లీ అదే నీరు పోసినకొద్దీ ట్యాంకులో లవణ గాఢత పెరుగుతూ పోతుంది. అందుచేత శుద్ధిచేసిన నీటినే వాడి, కూలెంట్ గాఢతను రిఫ్రాక్టోమీటర్‌తో ప్రతిదినం పరిశీలించాలి.

నేల, వరద: ఈ తీరంలో వర్షపాతం అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల కాలంలో అధికం. 2015 నవంబరులోను, 2021 నవంబరులోను వరదలు జిల్లాను తీవ్రంగా దెబ్బతీసినాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తుపాను నెల్లూరు, తిరుపతి జిల్లాలలో భారీ వర్షాలను కురిపించింది. యంత్రపు పునాదిని గత వరద మట్టానికి పైన ఉండునట్లు నిర్మించి, విద్యుత్ కేబుళ్లను నేల గాడిలో కాక పైనుండి తీసుకురావడం శ్రేయస్కరం. ఇసుక నేలలోను, నల్లరేగడిలోను పునాది కొద్దికొద్దిగా కుంగే అవకాశం ఉన్నందున యంత్రం నెలకొల్పిన తరువాత మూడు, ఆరు నెలలకు లెవెల్‌ను తిరిగి సరిచూడాలి. యంత్రానికి బీమా తీసుకునేటపుడు వరద, తుపాను నష్టాలు పాలసీలో చేరినవో లేదో ముందుగానే చూచుకోవాలి.

విద్యుత్తు: వోల్టేజి స్టెబిలైజరు, ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు, తయారీదారు నిర్దేశించిన ఎర్తింగ్ తప్పనిసరి. ఉప్పు నేలలో ఎర్త్ కడ్డీలు త్వరగా తుప్పుపడతాయి గనుక ఎర్తింగ్‌ను ఏటా కొలవాలి.

ఖచ్చితత్వానికి రుజువు

కరపత్రంలో వ్రాసిన మైక్రాన్ల సంఖ్య ఏ ప్రమాణం ప్రకారం లెక్కించినదో తెలియకుండా రెండు యంత్రాలను పోల్చడం సరికాదు. స్థాన ఖచ్చితత్వానికి, పునరావృత ఖచ్చితత్వానికి ఐ.ఎస్.ఓ. 230-2, వృత్తాకార పరీక్షకు ఐ.ఎస్.ఓ. 230-4, ఉష్ణ ప్రభావాలకు ఐ.ఎస్.ఓ. 230-3, మెషినింగ్ సెంటర్‌పై కోసిన నమూనా భాగపు పరీక్షకు ఐ.ఎస్.ఓ. 10791-7 వర్తిస్తాయి. ఒకే యంత్రానికి వేర్వేరు ప్రమాణాల ప్రకారం వేర్వేరు సంఖ్యలు వస్తాయి గనుక కొటేషన్లు అన్నింటిని ఒకే ప్రమాణంపై కోరాలి.

వీటన్నిటికంటే నమ్మదగినది సొంత భాగంపై జరిపే పరీక్ష. జాబితాలోని అతి కష్టమైన భాగాన్ని తయారీదారు కర్మాగారంలో వరుసగా కనీసం 25 లేదా 30 కోయించి, యంత్రం చల్లగా ఉన్నపుడు తీసిన మొదటి భాగాన్ని, వేడెక్కిన తరువాతి భాగాలను పోల్చాలి. అదే పరీక్షను సొంత షెడ్డులో యంత్రాన్ని నెలకొల్పిన తరువాత తిరిగి జరపాలి. చివరి వాయిదా సొమ్ము చెల్లింపును ఈ రెండవ పరీక్షతో ముడిపెట్టడం కొనుగోలుదారుకు గల ముఖ్యమైన రక్షణ.

ధర కాదు, మొత్తం వ్యయం

కేవలం ఉదాహరణ కొరకు ఈ లెక్క చూడవచ్చును. రోజుకు రెండు షిఫ్టులు, 16 గంటలు, ఏడాదికి 300 దినాలు – మొత్తం 4,800 గంటలు. అందులో 70 శాతం, అనగా 3,360 గంటలు యంత్రం వాస్తవంగా కోత కోస్తుందనుకుందాం. 45 లక్షల రూపాయల యంత్రం ఒక్కొక్క భాగానికి 12 నిమిషాలు తీసుకుంటే ఏడాదికి 16,800 భాగాలు వస్తాయి. 60 లక్షల యంత్రం 9 నిమిషాలు తీసుకుంటే 22,400 భాగాలు వస్తాయి. భాగానికి 60 రూపాయలు మిగిలితే అదనపు 5,600 భాగాలపై 3.36 లక్షల రూపాయలు లభిస్తాయి. అదనంగా పెట్టిన 15 లక్షలు తిరిగిరావడానికి సుమారు నాలుగున్నర సంవత్సరాలు పడుతుంది. అయితే ఆ 5,600 భాగాలకు ఆర్డరు లేనపుడు ఖరీదైన యంత్రం నిరుపయోగమే. వేగం లాభంగా మారేది ఆర్డరు ఉన్నపుడు మాత్రమే.

ఇదే లెక్కలో మొదటి యంత్రం నడిచే ప్రతి గంటకు 5 భాగాలు వస్తాయి. నికరంగా చూస్తే దినానికి 56 భాగాలు. సర్వీసు ఇంజనీరు కోసం ఒక్కొక్కసారి ఐదు దినాల చొప్పున ఏడాదికి నాలుగుసార్లు ఎదురుచూస్తే 20 దినాలు, 1,120 భాగాలు నష్టం. సకాలంలో సరఫరా చేయనందుకు పడే జరిమానా, పోగొట్టుకొనే నమ్మకం దీనికి అదనం. నెల్లూరు నుండి జాతీయ రహదారి మీదుగా చెన్నై సుమారు 175 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. చెన్నైలో సర్వీసు ఇంజనీర్లు, విడిభాగాల నిల్వ ఉన్న తయారీదారుకు ఈ దృష్ట్యా ప్రాధాన్యం ఇవ్వడం సమంజసం. స్పందన కాలాన్ని గంటలలో ఒప్పందంలోనే వ్రాయించుకోవాలి.

యంత్రం ధరకు తోడు టూల్ హోల్డర్లు, ఫిక్స్చర్లు, ప్రోబు, చిల్లర్, స్టెబిలైజరు, పునాది, రవాణా, క్రేను, బీమా, శిక్షణ ఖర్చులను ఆరంభంలోనే లెక్కించాలి. వీటికి విడిగా సొమ్ము కేటాయించకుండా ఋణం తీసుకున్న యూనిట్లు యంత్రం వచ్చిన తరువాత నిర్వహణ మూలధనాన్ని వాటికి మళ్లించవలసి వస్తుంది.

ఆర్థిక, విధానపరమైన అంశాలు

మెషినింగ్ సెంటర్లపై వస్తు సేవల పన్ను 18 శాతం. నమోదైన సంస్థ దీనిపై ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ పొందవచ్చును. అయితే ఆ పన్ను మొత్తంపై ఆదాయపు పన్ను లెక్కలలో తరుగుదలను కోరినట్లయితే ఈ క్రెడిట్ లభించదు. 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిర్వచనం ప్రకారం యంత్రాలపై పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవరు 10 కోట్లు మించనివి సూక్ష్మ సంస్థలు. 25 కోట్లు, 100 కోట్లు మించనివి చిన్న సంస్థలు. 125 కోట్లు, 500 కోట్లు మించనివి మధ్య తరహా సంస్థలు. సూక్ష్మ, చిన్న సంస్థల ఋణ హామీ నిధి ట్రస్టు కింద హామీ పరిమితి 5 కోట్ల నుండి 10 కోట్ల రూపాయలకు అదే తేదీన పెరిగింది. సాంకేతిక నవీకరణకు 15 శాతం, గరిష్ఠంగా 15 లక్షల రూపాయల సబ్సిడీని ఇచ్చిన కేంద్ర పథకం 2020 మార్చి వరకే సాధారణ వర్గానికి అమలులో ఉండెను గనుక దానిని ప్రాజెక్టు నివేదికలో ఆదాయంగా చూపరాదు. అమలులో ఉన్న రాయితీల వివరాలను జిల్లా పరిశ్రమల కేంద్రం వద్ద సరిచూసుకోవాలి.

పాలిటెక్నిక్‌లు, ఐ.టి.ఐ.లు, ప్రభుత్వ రంగ సంస్థలు యంత్రాన్ని కొనేటపుడు సాంకేతిక బిడ్, ధర బిడ్ వేర్వేరుగా తీసుకొనే రెండు కవర్ల పద్ధతి అనుకూలం. ఉమ్మడి రాష్ట్రంలో 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ ప్రారంభమైంది. కేంద్ర ప్రభుత్వపు ఈ-మార్కెట్‌ప్లేస్ 2016లో మొదలైంది. ఏ పద్ధతిలోనైనా నిర్దేశాలు ఒకే తయారీదారుకు సరిపోవునట్లు ఉండరాదు. అదే సమయంలో సర్వీసు స్పందన, పరీక్షా ప్రమాణం, శిక్షణ వంటివి సాంకేతిక బిడ్‌లోనే అర్హతా నిబంధనలుగా లేకపోతే అతి తక్కువ ధర ఒక్కటే నిర్ణాయకమవుతుంది.

అధిక ఖచ్చితత్వం గల ఐదు అక్షాల యంత్రాల ఎగుమతిపై 1996లో ఏర్పడిన వాసెనార్ ఒడంబడిక కింద నియంత్రణలు ఉన్నాయి. భారతదేశం 2017 డిసెంబరులో ఇందులో సభ్యత్వం పొందింది. ఇటువంటి యంత్రాన్ని విదేశం నుండి తెప్పించేటపుడు తుది వినియోగదారు ధ్రువపత్రం ఇవ్వవలసి ఉంటుంది. కొన్ని యంత్రాలలో స్థలం మార్చినట్లు గుర్తించి పనిని నిలిపివేసే పరికరం కూడా అమర్చి ఉంటుంది. అనుమతికి పట్టే కాలాన్ని సరఫరా గడువులో కలుపుకోవాలి.

పాత యంత్రం నుండి కొత్త యంత్రానికి

కొత్త యంత్రం అంగీకార పరీక్షలో నెగ్గి, కనీసం ఒక పూర్తి ఆర్డరును సరఫరా చేసేవరకు పాత యంత్రాన్ని అమ్మివేయరాదు. స్థలాభావం వలన ముందే తొలగించవలసి వస్తే, ఆ మధ్యకాలానికి సరిపడు భాగాలను ముందుగా తయారుచేసి నిల్వ ఉంచుకోవాలి, లేదా బయటి యూనిట్‌తో జాబ్ వర్క్ ఏర్పాటు చేసుకోవాలి. పాత కంట్రోలర్‌లోని ప్రోగ్రాములు, ఆఫ్‌సెట్లు, పారామీటర్ల నకలును తీసి భద్రపరచాలి. కంట్రోలర్ బ్యాటరీ పూర్తిగా అయిపోయినపుడు మెమరీ చెరిగిపోయే పాత యంత్రాల విషయంలో ఇది మరీ ముఖ్యం. యంత్రాన్ని నడిపే ఆపరేటర్లను ఎంపిక దశ నుండే సంప్రదించి, కనీసం ఇద్దరికి తయారీదారు వద్ద శిక్షణ ఇప్పించాలి. ఒక్కరికే తెలిసిన యంత్రం ఆ ఒక్కరూ సెలవు పెట్టిన దినాన ఆగిపోతుంది.

సంక్షిప్తంగా, భాగాల జాబితా, తక్కువ చుట్ల వద్ద టార్క్, షెడ్డులోని ఉష్ణోగ్రత, నీటి నాణ్యత, వరద మట్టం, ఒకే ప్రమాణంపై పరీక్ష, సర్వీసు దూరం, చేతిలోని ఆర్డరు – ఈ ఎనిమిది అంశాలకు వ్రాతపూర్వకమైన సమాధానం సిద్ధమైన తరువాతనే ధరపై చర్చ మొదలుపెట్టడం శ్రేయస్కరం.